చేను ఒకరిది, మడక ఒకరిది, డబ్బు ఎవరిది?



కరోనా వచ్చిన ఏడాది నుంచి మమ్మల్ని ఒక ప్రశ్న విడవకుండా అడుగుతున్నారు. "అయ్యగారూ, గవర్మెంటు రైతులకని బ్యాంకులో వేసే డబ్బులో దశమభాగం తీయల్లా, వద్దా?" పంట మీద తీస్తున్నాం, కూలి మీద తీస్తున్నాం, ఇది ఊరికే వచ్చిన డబ్బు కదా, దీని మీద తీయకపోతే దేవునికి బాకీ పడతామేమోనని వాళ్ల భయం. మంచి భయమే. అయితే మా జవాబు కొందరికి రుచించదని ముందే చెప్తున్నాం. పాసుపుస్తకం మీదై, చేను మీరే చేస్తుంటే సంతోషంగా తీయండి. పాసుపుస్తకం మీదై, చేను ఇంకొకరికి గుత్తకిచ్చి ఉంటే మాత్రం ఆ డబ్బు కవరులో పెట్టి కానుకల సంచిలో వేయకండి. ముందు మీ చేను దున్నేవాని ఇంటికి పోయి కూర్చోండి. అక్కడ లెక్క తేలినాక మందిరానికి రండి. సహోదరునికి మన మీద ఏమైనా ఉందని గుర్తొస్తే, కానుకను బలిపీఠం దగ్గరే విడిచి మొదట వానితో సమాధానపడమని ప్రభువు కొండ మీద చెప్పిన సంగతి మనకందరికీ నోటికి వచ్చినదే.

ఇంత గట్టిగా ఎందుకు అంటున్నామో కొంచెం వెనక్కి పోయి చెప్పాలి.

2020లో ఉగాది మార్చి 25న పడింది. దేశమంతా లాక్‌డౌన్ మొదలైన రోజూ అదే. మన పక్క గుత్తలు మాట్లాడుకునేది ఉగాదికే. ఒకరి గడప ఒకరు తొక్కకూడదన్న రోజుల్లోనే, ఆ ఏడాది ఎవరి చేను ఎవరు చేయాలో, ఎకరాకు ఎంతో తేలిపోయింది. టమోటా కోతకొచ్చి ఉంది, కోసేవాళ్లు లేరు, కోసినా లారీ లేదు. సుగ్గికని గుంటూరు మిరపచేలకు పోయినవాళ్లు అక్కడే చిక్కుకుపోయారు. సంతలు మూతపడి గొర్రెల మందలున్నవాళ్లు అమ్ముకోలేక, మేపుకోలేక అల్లాడినారు. ఏప్రిల్ నెలాఖరుకు రాష్ట్రంలో ఎక్కువ కేసులున్న జిల్లా మన కర్నూలే.

అట్లాంటప్పుడు డబ్బు వచ్చింది. ఆ మేలు మరవకూడదు. మార్చి 26న కేంద్రం గరీబ్ కల్యాణ్ ప్యాకేజీ ప్రకటించి, పీఎం కిసాన్ కింద రావాల్సిన 2,000 రూపాయలను ఏప్రిల్‌లోనే వేసింది. జన్‌ధన్ ఖాతా ఉన్న ఆడవాళ్లకు నెలకు 500 చొప్పున మూడు నెలలు వేసింది. ఏప్రిల్ 4న వాలంటీర్లు ఇంటింటికీ వచ్చి, కార్డున్న పేద కుటుంబాలకు 1,000 రూపాయలు చేతికిచ్చి పోయారు. మే 15న రాష్ట్ర ప్రభుత్వం రైతు భరోసా కింద 5,500 వేసింది. పీఎం కిసాన్‌తో కలిపితే రైతు కుటుంబానికి 7,500, అదీ విత్తనం కొనే ముందర. ఉపాధి పనిలో మన రాష్ట్రపు దినకూలి 211 నుంచి 237కు పెరిగింది. మే 26న మాకూ వచ్చింది, దాచడమెందుకు. అర్చకులకు, ఇమాములకు, మౌజన్లకు, పాస్టర్లకు ఒక్కసారి సాయంగా 5,000 ఇచ్చారు. మందిరం తలుపులు మూసి, కానుకలు లేక, పాస్టరమ్మ పిండి డబ్బా అడుగు చూస్తున్న రోజులవి. ఆ 5,000కు మేము దేవునికి స్తోత్రం చెప్పినాం, సర్కారుకూ చెప్పినాం.

మరి గుత్త రైతుకు ఏం వచ్చింది?

పీఎం కిసాన్‌లో కౌలుదారుకు చోటే లేదు. 2019 ఫిబ్రవరి 1 నాటికి భూమి ఎవరి పేరున ఉందో వాళ్లకే. రాష్ట్రం ఇంకొంచెం పెద్ద మనసు చేసుకుని, సొంత భూమి లేని ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ కౌలుదార్లకు ఏడాదికి 13,500 మొత్తం తానే ఇస్తానంది. తక్కిన కులాల్లో గుత్తకు చేసుకునే పేదవానికి అదీ లేదు. ఇచ్చేవాళ్లకైనా సాగుదారు హక్కు పత్రం ఉండాలి, సీసీఆర్‌సీ కార్డు అంటున్నామే, అది. 2019లో వచ్చిన చట్టం ప్రకారం పదకొండు నెలలకు ఒప్పందం రాసుకోవాలి, దాని మీద భూమి యజమాని సంతకం పెట్టాలి. ఆ సంతకం దగ్గరే కథంతా ఆగిపోతోంది.

2023 జూన్ 1న ఈ డబ్బు విడుదల చేయడానికి ముఖ్యమంత్రి మన పత్తికొండకే వచ్చారు. 52 లక్షల 30 వేల మంది రైతుల ఖాతాల్లోకి 3,923 కోట్లు ఇక్కడి వేదిక మీద నుంచే పంపారు. మన సంఘం నుంచి కూడా బస్సులెక్కి పోయారు. పోయినవాళ్లలో సగం మంది గుత్తకు చేసేవాళ్లు. ఎండలో కూర్చుని చప్పట్లు కొట్టి వచ్చారు. సాయంత్రం ఫోన్లు టింగుమన్నది వేరే ఇళ్లలో. ఇప్పుడు ప్రభుత్వం మారింది, పథకం పేరు అన్నదాత సుఖీభవ అయింది, పీఎం కిసాన్‌తో కలిపి ఏడాదికి 20,000 అన్నారు. మేము ఏ పార్టీ మాటా ఎత్తడం లేదు. పేరు ఏదైనా డబ్బు పాసుపుస్తకం వెంట పోతుంది, మడక వెంట పోదు. మా గోడు అది.

పత్తికొండలో ఉండి ఈ సంగతి మాట్లాడేటప్పుడు మన్రో దొరను తలచుకోకుండా ఉండలేం. 1800 నుంచి 1807 దాకా ఆయన మన దత్త మండలాల కలెక్టరు. జమీందార్లు, పాళెగాళ్లు మధ్యలో లేకుండా, చేను దున్నే రైతుతోనే సర్కారు నేరుగా లెక్క పెట్టుకోవాలని పట్టుబట్టి, చేలన్నీ కొలిపించి, ఒక్కొక్క రైతు పేరున పట్టా ఇప్పించాడు. రైత్వారీ అన్నది అదే. దొరకు శిస్తు వసూలు కావాలి, అది నిజమే, ఆ శిస్తు భారాన్ని మన తాతముత్తాతలే మోశారు. అయినా జనం ఆయన మీద అభిమానం పెంచుకుని పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. తరువాత మద్రాసు గవర్నరైనాడు. పదవి విడిచి ఇంగ్లండు పోబోతూ ఈ సీమను చివరిసారి చూసి పోదామని వచ్చి, 1827 జూలై 6న ఇక్కడే, పత్తికొండలో, కలరా తగిలి చనిపోయాడు. ఆయన జ్ఞాపకంగా ఇక్కడ బావి తవ్వించి తోపు నాటించారు. గవర్నరైనా కలరా ముందు ఎవరైనా ఒకటే.

ఆ కాలంలో పట్టా ఉండేది సర్కారు తీసుకోవడానికి. ఎవరి పేరున ఉందో వాడే శిస్తు కట్టేవాడు, దున్నేదీ ఎక్కువగా వాడే. ఇప్పుడు సర్కారు ఇచ్చే కాలం వచ్చింది. పట్టా అదే ఉంది, కిందికి కొడుకులకు, మనుమలకు చేరింది. దున్నేవాడు మారిపోయాడు. మధ్యలో ఎవరూ ఉండకూడదని పుట్టిన కాగితమే ఇప్పుడు మధ్యలో నిలబడింది.

మన రాష్ట్రపు పద్ధతిలో ఒక మంచి ఉంది, అది చెప్పకపోతే అన్యాయం. ఎకరా ఉన్నా పదెకరాలున్నా కుటుంబానికి ఒకటే మొత్తం. పక్కన తెలంగాణలో రైతుబంధు అట్లా ఉండేది కాదు. 2020 వానాకాలానికి ఎకరాకు 5,000, ఎన్ని ఎకరాలుంటే అన్ని ఐదువేలు, కౌలుదారుకు సున్న. అమెరికాలో కూడా ఆ ఏడాది ఏప్రిల్‌లో రైతులకు, పశువులు పెంచేవాళ్లకు 1,600 కోట్ల డాలర్లు నేరుగా పంచుతామన్నారు. అక్కడ లెక్క ఎవరికి ఎంత పంట, ఎన్ని పశువులు ఉన్నాయనే. ఒక్కొక్కరికి రెండున్నర లక్షల డాలర్ల దాకా తీసుకోవచ్చన్నారు. పెద్ద కమతం ఉన్నవానికి పెద్ద చెక్కు. ఇన్ని చోట్ల ఇన్ని రకాలుగా ఇచ్చారు గానీ, అందరూ మొదట వెదికింది కాగితాన్నే. సర్కారుకు మనిషి కనపడడు, కాగితం కనపడుతుంది. దాన్ని తప్పుబట్టి లాభం లేదు. మనిషి కనపడేది పక్కింటివానికి.

యోసేపు కథ మనం చిన్నప్పటి నుంచి వింటున్నాం. సండే స్కూల్లో ఐగుప్తు కరువు దగ్గర అన్నదమ్ములు కలుసుకుని ఏడ్చేదాకా చెప్పి ఆపేస్తాం. ఆదికాండము 47వ అధ్యాయం రెండో సగం ఒకసారి మీ ఇంట్లో నిదానంగా చదవండి. ఏడు మంచి సంవత్సరాల్లో పంటలో ఐదో వంతు కొట్లలో పోయించారు. ఆ ధాన్యం పండించింది ఎవరు? ఆ రైతులే. కరువొచ్చినాక అదే ధాన్యాన్ని మొదట డబ్బిచ్చి కొనుక్కున్నారు, డబ్బయిపోతే పశువులిచ్చి, పశువులు అయిపోతే చేలు ఇచ్చి, చివరికి తమను తాము ఇచ్చుకుని. ప్రాణాలు దక్కినాయి, అబద్ధం కాదు, వాళ్లే యోసేపుకు కృతజ్ఞతలు చెప్పుకున్నారు. కానీ కరువు తీరేసరికి భూమి ఫరోది, దున్నేది వాళ్లు, ఐదో వంతు ఫరోకు. గుత్త మొదలైంది. ఆ అధ్యాయంలోనే ఇంకో మాట ఉంది. యాజకుల భూమి మాత్రం యోసేపు కొనలేదు, వాళ్లకు ఫరో దగ్గర నుంచి భత్యం వచ్చేది. మా 5,000 గుర్తొచ్చి నవ్వుకున్నాం గానీ, నవ్వు ఎక్కువ సేపు నిలవలేదు. సాయం వచ్చిందా లేదా అన్నది ఒక లెక్క. సాయం వచ్చి పోయినాక చేను ఎవరి చేతిలో మిగిలింది అన్నది ఇంకో లెక్క. 2020లో అప్పు చేసి గుత్త కట్టి, పంట చేతికి రాక, మరుసటి ఉగాదికి ఆ చేను కూడా వదులుకుని బెంగళూరు పోయి ఇటుకలు మోస్తున్నవాళ్లు మన మధ్యే ఉన్నారు. వాళ్లు చేసిన చేను మీద 7,500 వచ్చింది. వాళ్లకు కాదు.

అపొస్తలుల కార్యములు 6వ అధ్యాయం కూడా చూడండి. యెరూషలేము సంఘంలో రోజూ భోజనం పంచేవాళ్లు. గ్రీకు భాష మాట్లాడే ఇళ్లలోని విధవరాండ్రకు అందడం లేదని సణుగుడు పుట్టింది. అపొస్తలులు "మాకేం తెలుసు, పైవాళ్లు ఇచ్చిన లిస్టు" అనలేదు. సణుగుతున్నారని కోప్పడలేదు. అందరినీ పిలిచి ఏడుగురిని ఏర్పరచమన్నారు. ఆ ఏడుగురి పేర్లు చదవండి: స్తెఫను, ఫిలిప్పు, ప్రొకొరు, నీకానోరు, తీమోను, పర్మెనాసు, నీకొలాసు. ఏడూ గ్రీకు పేర్లే. ఎవరికి అందలేదో వాళ్ల పక్కనుంచే పంచేవాళ్లను ఎన్నుకున్నారన్నమాట. మన సంఘాల్లో పెద్దలెవరు? పాసుపుస్తకం ఉన్నవాళ్లే ఎక్కువ. కాబట్టి ఈ విషయం చూసుకోవడానికి సంఘంలో ఒక చిన్న గుంపు వేయాలనుకుంటున్నాం, అందులో పెద్దలెవరూ వద్దు. గుత్తకు, కోరుకు చేసేవాళ్లు, మందలు కాచేవాళ్లు, విధవరాండ్రు చాలు. పెద్దలు నొచ్చుకోకండి.

విధవరాండ్రంటే ఇంకో మాట. 2021 ఎండాకాలం రెండో అలలో మేము ఎంతమందిని సమాధి చేశామో మీకు తెలుసు. ఆ మగవాళ్ల పేరున ఉన్న భూములు చాలా ఇళ్లలో ఇంకా ఆ పేరునే ఉన్నాయి. కొన్నిచోట్ల మామ పేరున, ఆయన పోయి ఇరవై ఏళ్లయినా. పేరు మార్పించుకోవాలంటే మరణ ధ్రువపత్రం, కుటుంబ సభ్యుల ధ్రువపత్రం, మరుదుల సంతకాలు. ఆమె పొద్దున్నే లేచి చేనికే పోతుంది, కలుపు ఆమే తీస్తుంది, కాగితంలో మాత్రం చనిపోయినవాడే రైతు. చనిపోయినవాని వేలిముద్ర ఈకేవైసీకి పనికిరాదు, డబ్బు ఆగిపోతుంది. మరుదులారా, బావలారా, ఆ సంతకం పెట్టడానికి ఆమెను ఎన్నిసార్లు తిప్పుతారు? రూతు పరిగె ఏరుకున్న చేను కథ చదివి కన్నీళ్లు పెట్టుకునేది మీరే కదా. బోయజు ఊరి గవిని దగ్గర పదిమంది పెద్దలను కూర్చోబెట్టి ఒక్క పొద్దుటిలో తేల్చినాడు.

ఇక భూమి యజమానులు మాతో అనే మాటలకు వస్తాం. "సంతకం పెడితే రేపు సేను నాదంటాడు అయ్యగారూ." అనలేడు. ఆ చట్టంలోనే ఉంది, ఆ పత్రంతో భూమి మీద ఏ హక్కూ రాదు, పదకొండు నెలల పంట మీదే హక్కు. "నాకొచ్చే డబ్బు ఆగిపోతుందేమో." రైతు భరోసాలో యజమానికి వచ్చేది యజమానికే, కౌలుదారుకు ఇచ్చేది వేరేగా ఇచ్చేవాళ్లు. "నేను ఆ చేను మీద పంట రుణం తీసుకుని ఉన్నా." ఈ ఒక్క మాటలో నిజముంది. ఒకే సర్వే నంబరు మీద ఇద్దరికి బ్యాంకు రుణం ఇవ్వదు. అయితే రుణం మీరు తీసుకున్నారు, సాగు ఖర్చు ఆయన బయట వడ్డీకి తెచ్చుకుంటున్నాడు. మీరు తక్కువ వడ్డీకి తెచ్చిన పంట రుణం పంట మీద పెట్టకుండా దేని మీద పెట్టారో మీకే తెలుసు.

గుత్తకిచ్చేవాళ్లంతా సాహుకార్లని మేము అనడం లేదు. కాళ్లు పనిచేయని ముసలి జంట ఉంటారు, కొడుకు పట్నంలో ఉంటాడు, ఆ గుత్త డబ్బే వాళ్ల మందులకు. అట్లాంటివాళ్లు సర్కారు డబ్బు ఉంచుకోండి, ఎవరూ ఏమీ అనరు. సంతకం మాత్రం పెట్టండి, దానికి మీకు రూపాయి ఖర్చు లేదు. ఉద్యోగం ఉండి, పెన్షన్ ఉండి, వ్యాపారం ఉండి చేను గుత్తకిచ్చినవాళ్లకు మా మాట వేరు. మీ ఖాతాలో పడినంత గుత్తలో తగ్గించండి. పూర్తిగా మనసొప్పకపోతే సగం. చేను మూలలు కోయకుండా విడిచిపెట్టమని, రాలిన పరిగె ఏరుకోవద్దని లేవీయకాండంలో ఉన్న ఆజ్ఞ రాజుకిచ్చింది కాదు, చేను ఉన్నవానికిచ్చింది. ఆ ఏరుకునేవాళ్లకు కార్డు ఉందా అని కూడా అడగమనలేదు.

ఇట్లా చెప్తే సంఘానికి వచ్చే కానుక తగ్గదా అని ఒక సహోదరుడు మమ్మల్ని పక్కకు పిలిచి అడిగినాడు. తగ్గుతుంది. మందిరం రేకులు ఇంకో వానాకాలం కారుతాయి. 1876 నుంచి 1878 దాకా వచ్చిన పెద్ద కరువులో మన కర్నూలు జిల్లా నాలుగింట ఒక వంతు జనాన్ని పోగొట్టుకుంది. అప్పుడు ఒంగోలు పక్క క్లౌ దొర బకింగ్‌హామ్ కాలువ తవ్వకంలో కాంట్రాక్టు తీసుకుని వేలమందికి కూలి ఇప్పించాడు. ఆ సాయం జరుగుతున్నంత కాలం బాప్తిస్మాలు ఆపేశాడు. గింజల కోసం వచ్చారన్న మాట రాకూడదని. తరువాత 1878 జూలై 3న గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. ఆయన లెక్కల మీద తరువాతివాళ్లు ఏమన్నా అననీ, ఆ ఆపడం మాత్రం మాకు నచ్చింది. సాయం వేరు, సంఘపు లాభం వేరు అని గీత గీసినాడు. గుత్త రైతుకు చేరాల్సిన డబ్బులో పదోవంతు మా సంచిలో పడితే, ఆయనకు ఎగ్గొట్టినదాంట్లో మాకూ పాలు ఉన్నట్టే.

వానలు పడి పదునయ్యేలోపల ఈ పని కావాలి, విత్తినాక ఎవరికీ తీరిక ఉండదు. వచ్చే ఆదివారం ఆరాధన అయిపోయినాక ఎవరూ ఇళ్లకు పోవద్దు. వేపచెట్టు కింద బల్ల వేస్తాం. గుత్తకు చేసేవాళ్లు ఆధార్ జిరాక్సు, బ్యాంకు పుస్తకం తెచ్చుకోండి, చేను సర్వే నంబరు తెలియకపోతే ఎవరి చేను పక్కన ఉందో చెప్పండి, వెదుకుదాం. పేరు మార్పు ఆగిపోయిన అక్కలు, అమ్మలు మరణ ధ్రువపత్రం తెండి, లేకపోతే సమాధి చేసిన తేదీ మా రిజిస్టరులో చూసి చెప్తాం, దానికి ఎట్లా దరఖాస్తు చేయాలో కూడా చెప్తాం. పంట వేసినాక ఈ-క్రాప్‌లో ఎవరి పేరు ఎక్కాలో కూడా ఆ రోజే మాట్లాడుకుందాం, నష్టపరిహారం వచ్చేటప్పుడు దాన్నే చూస్తారు. మన పిల్లలు ఇద్దరు కంప్యూటరు వచ్చినవాళ్లు ఫారాలు నింపుతామన్నారు. చదువు రానివాళ్లు సిగ్గుపడొద్దు. భూమి ఉన్నవాళ్లూ తప్పకుండా రండి, కళ్లద్దాలు మరవకండి. యజమాని సంతకం చేయాల్సిన గడి దగ్గర ప్రతి ఫారం మీదా పెన్సిలుతో గుర్తు పెట్టి ఉంచుతాం.